గేజి గోడకు రెండో మేకు

పదీ ఇరవై. నాలుగింటికి కోర్టు.

అంటే చేతిలో ఉన్నది అయిదు గంటల నలభై నిమిషాలు. ఇన్‌స్పెక్టరమ్మ గోడ గడియారం వంక చూసి కుర్చీలోంచి లేవబోయింది. మోకాలు కలుక్కుమంది. మళ్ళీ కూలబడింది. రిటైర్మెంటుకి ఇంకా నలభై రోజులుంది. ఆ నలభై రోజులూ పాస్‌పోర్టు విచారణలూ, గోడ తగాదాలూ చూసుకుంటూ నెట్టేద్దామనుకుంది పాపం. సరిగ్గా అప్పుడే డ్యాంలో శవం తేలింది.

శవం గేజి మాస్టారిది. డ్యాంలో నీళ్ళెంత ఉన్నాయో పొద్దున ఆరింటికోసారి, సాయంత్రం ఆరింటికోసారి మెట్లు దిగి, గేజి స్తంభం మీది గీతలు చూసి, రిజిస్టరులో రాయడం ఆయన ఉద్యోగం. ముప్ఫై ఒక్కేళ్ళు అదే పని. వచ్చే శనివారం డ్యాంకి యాభై ఏళ్ళు నిండుతాయి. ఆ పండగకి చెక్కించిన రాతిఫలకం మీద ఇంజనీర్ల పేర్ల కింద ఆయన పేరూ ఉంది, 'ఒక్క రీడింగూ తప్పని మనిషి' అని. ఇన్నేళ్ళ రిజిస్టర్లు ముందేసుకుని డ్యాం చరిత్ర రాసే పని కూడా ఆయనకే అప్పజెప్పారు. మంగళవారం పొద్దున అయిదున్నరకి, తాను రోజూ దిగే మెట్ల కిందే, నీళ్ళలో బోర్లా పడి కనిపించాడు.

చూసి కేక పెట్టినవాడు పడవవాడు. ఆ కేక పెట్టినవాణ్ణే పట్టుకొచ్చి లోపలేశారు.

పట్టుకొచ్చింది ఇన్‌స్పెక్టరమ్మ కాదు. పైనుంచి దిగిన స్పెషల్ టీమ్ ఆఫీసరు. ఎంత ఎండలో తిరిగినా అతని చొక్కా మడత నలగదు. స్టేషన్‌లో అందరూ చాటుగా 'ఇస్త్రీబాబు' అంటారు. కేసు కూడా మడత నలక్కుండా మడిచి, ఇవాళ నాలుగింటికి కోర్టులో పెట్టబోతున్నాడు.

స్టేషన్ బెంచీ మీద పడవవాడి అక్క కూర్చుని ఉంది. ఒళ్ళో ఉతికిన చొక్కా. తమ్ముడు కోర్టుకి మాసిన బట్టల్లో వెళ్ళకూడదని తెచ్చింది. ఇన్‌స్పెక్టరమ్మ కుంటుకుంటూ పక్కన కూర్చుంది.

"మీ తమ్ముడికి కోపం ఎక్కువటగా?"

"ఎక్కువేనమ్మా. కోపం వస్తే వెళ్ళి పడవ కడుగుతాడు. మరీ వస్తే రెండుసార్లు కడుగుతాడు." ఆవిడ చొక్కా బొత్తాం సరిచేసింది. "లోపలికి పంపితే మళ్ళీ ఎన్నేళ్ళకి వస్తాడమ్మా?"

ఇన్‌స్పెక్టరమ్మ దగ్గర జవాబుంది. చెప్పకుండా లేచి లాకప్ వైపు నడిచింది.

* * *

పడవవాడికి ముప్ఫై అయిదేళ్ళుంటాయి. గోడకి ఆనుకుని, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

"ఏరా, ఏమన్నా తిన్నావా?"

"తిన్నానమ్మా."

"అబద్ధం. పళ్ళెం పళ్ళెంలాగే వెనక్కి వచ్చింది. సరే, సోమవారం మధ్యాహ్నం నుంచి చెప్పు."

"పన్నెండింటికి టీకాలేసే నర్సమ్మల్ని ఎక్కించుకుని అవతలి ఒడ్డుకి వెళ్ళాను. వాళ్ళ పని అయ్యేదాకా అక్కడే ఉన్నాను. అయిదున్నరకి తెచ్చి దింపాను. పదిమంది చూశారు."

"ఆరింటికి?"

"మెట్ల దగ్గర పడవ కట్టేశాను."

"గేజి స్తంభానికా? అలా కడితే స్తంభం ఒరిగిపోతుందని గేజి మాస్టారు నీ మీద కాగితం పెట్టాడుగా?"

"అది పోయినేడు. మావయ్య తిట్టాక మళ్ళీ కట్టలేదమ్మా. పక్కన రాయికి కడుతున్నా."

మావయ్య అంటున్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ ఆ మాట పక్కన పెట్టుకుంది.

"డ్యాం క్యాంటీనాయన నీ అరుపులు విన్నాడు. 'దిగొద్దంటే వినవు కదా, జారిపడితే ఎముకలు కూడా దొరకవు' అన్నావట. ఎవరిని?"

వాడు నేల చూపులు చూశాడు.

"నిన్నేరా. ఎవరిని తిట్టావ్?"

"గాలినమ్మా."

"గాలికి ఎముకలుంటాయట్రా?"

వాడి మూతి మీద ఒక్క క్షణం నవ్వులాంటిది వచ్చి పోయింది. తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. "నేను చంపలేదు. అంతకుమించి నన్నేమీ అడక్కండమ్మా. దండం పెడతాను."

ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఇన్‌స్పెక్టరమ్మ నేర్చుకున్నది తక్కువేగానీ ఇదొకటి నేర్చుకుంది. తన కోసం భయపడేవాడు వాగుతాడు. నోరు కుట్టేసుకున్నవాడు ఇంకెవరినో కాస్తున్నాడన్నమాట. ఎవరిని?

"మేడం, ఇంకా ఆశ వదల్లేదా?"

గుమ్మంలో ఇస్త్రీబాబు. చేతిలో ఫైలు, ముఖాన చిరునవ్వు.

"మీకైతే కేసు తేలిపోయింది బాబూ. మాకు తేలే దాకా చూసుకోనివ్వండి."

"తేలడానికి ఏముంది? సాయంత్రం ఆరింటి రీడింగు రిజిస్టరులో ఉంది. నలభై రెండు మీటర్ల పదిహేను. ఆయన చేతిరాతే, నిపుణుడు చూశాడు. అంటే ఆరింటికి మనిషి బతికే ఉన్నాడు. ఆరూ అయిదుకి వీడు మెట్ల దగ్గర బెదిరించాడు. ఆ తర్వాత గేజి మాస్టారుని చూసినవాళ్ళు లేరు. ఆఫీసర్లందరూ అయిదున్నర నుంచి తొమ్మిది దాకా ఆఫీసులోనే యాభై ఏళ్ళ పండగ మీటింగులో ఉన్నారు. మిగిలింది వీడొక్కడే."

"అంతా ఆరింటి మీదే నిలబెట్టారు."

"రిజిస్టరు అబద్ధం చెప్పదు మేడం."

"అది చెప్పదు బాబూ. దానిచేత ఎవరైనా చెప్పించాలి."

డాక్టరు రిపోర్టు మళ్ళీ తెరిచింది. తల వెనక దెబ్బ. ఊపిరితిత్తుల్లో నీళ్ళు లేవు, అంటే చచ్చాకే నీళ్ళలో పడ్డాడు. చనిపోయింది మధ్యాహ్నం రెండుకీ రాత్రి ఎనిమిదికీ మధ్య, అంతకంటే కచ్చితంగా చెప్పలేనన్నాడు డాక్టరు. కుడిచేతి గోళ్ళలో తెల్లటి పొడి. దాని ఎదురుగా ఇస్త్రీబాబు ఎర్రసిరాతో 'సుద్దముక్క' అని రాశాడు. గేజి మాస్టారు నీటిమట్టాన్ని ముందు పలక మీద సుద్దతో రాసి, పైకొచ్చి రిజిస్టరులో ఎక్కిస్తాడు కాబట్టి.

ఆఖరి పేజీలో అడుగున ఎవరూ పట్టించుకోని లైనొకటి ఉంది. రెండు మోకాళ్ళ కీళ్ళూ పూర్తిగా అరిగిపోయి ఉన్నవి.

ఇన్‌స్పెక్టరమ్మ తన మోకాలు రుద్దుకుంటూ ఆ లైను రెండుసార్లు చదివింది.

* * *

పన్నెండూ పది. మెట్ల తల దగ్గర డ్యాం ఇంజనీరు ఎదురొచ్చాడు. పొడుగాటి మనిషి. గొంతు పెంచి మాట్లాడడు.

"పోయినవాడు నాకు కుడిభుజం మేడం. ఏం కావాలన్నా అడగండి."

"ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"సోమవారం పొద్దున. ఆఫీసులో. ఆ తర్వాత చూడనేలేదు, మాట్లాడనూ లేదు. స్టేట్‌మెంటులో రాసిచ్చాను."

"డ్యాం లోపల ఏదో సొరంగం ఉంటుందట కదా. ఓసారి చూస్తాను."

"గ్యాలరీనా? శనివారం పెద్దలు వస్తున్నారని సున్నాలూ రంగులూ వేయిస్తున్నాం. తాళం పడింది. తడి రంగు మేడం, మీ బట్టలు పాడవుతాయి." కింద నీళ్ళ వంక చేయి చూపించాడు. "పదింటికి ఎగువన పైడ్యాం నుంచి నీళ్ళు వదిలారు. మధ్యాహ్నానికి అందుకుంటాం. శనివారానికి నిండుకుండలా ఉండాలి కదా!"

మెట్లు నూట పద్దెనిమిది. వానలు మొహం చాటేసిన ఏడాది కాబట్టి నీళ్ళు అడుక్కి పోయి, ఎప్పుడూ మునిగి ఉండే మెట్లన్నీ బయటపడ్డాయి. పాచి ఎండి, మళ్ళీ తడిసి, నూనె పోసినట్టున్నాయి. ఇన్‌స్పెక్టరమ్మ గోడ పట్టుకుని పది మెట్లకోసారి ఆగుతూ దిగింది. వెనకాల ఇస్త్రీబాబు గడియారం చూసుకుంటూ దిగాడు.

అరవయ్యో మెట్టు మీద నిలబడితే అవతలి బురదలో మొండిగోడ కనిపిస్తుంది. పాతూరి బడి. డ్యాం కట్టినప్పుడు పదకొండు ఊళ్ళు మునిగాయి. ఆ బడిలో రెండో తరగతి చదివిన ఎనిమిదేళ్ళ పిల్ల ఇప్పుడు మోకాళ్ళనొప్పుల ఇన్‌స్పెక్టరు. నీళ్ళు తగ్గి నెలరోజులైనా వెళ్ళి చూడలేదు. చూడ్డానికి కూడా ఓపిక ఉండాలి కదా!

నూట పద్దెనిమిదో మెట్టు. గోడకి గేజి స్తంభం. పక్కన గోడకే పలక వేలాడుతోంది. సుద్దతో 42.15 అని, కింద 'సా. 6' అని ఉంది. మూడు రోజులుగా ఎవరూ చెరపలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ ఒగర్పు తీరేదాకా ఆ పలకనే చూసింది. చూసి చూసి దాన్ని మేకు నుంచి తీసింది. చేయి ఎత్తే పని పడలేదు. మేకు సరిగ్గా ఆమె నడుం ఎత్తులో ఉంది. కొత్త మేకు, ఇంకా మెరుస్తోంది. దానికి నాలుగు జానల పైన ఇంకో మేకుంది. ఏ పాత కరువేడులోనో కొట్టింది, తుప్పు పట్టి, సాలెగూడు కట్టి. మునివేళ్ళ మీద లేచి చేయి చాస్తేగానీ అందలేదు.

"బాబూ, ఈ పలక కాస్త తగిలించండి."

"మేడం, టైం..."

"తగిలించండి నాయనా, మీ చేత్తో."

ఇస్త్రీబాబు విసుగ్గా అందుకుని, నడుం వంచి కింది మేకుకి తగిలించాడు.

"ఎందుకు వంగారు?"

"మేకు కిందుంది కాబట్టి."

"గేజి మాస్టారు మీకంటే రెండంగుళాలు పొడుగు. ఆయన ఎత్తుకి కొట్టుకున్న మేకు అదిగో, పైన. మీ ఫైల్లోనే ఉంది, ఆయన మోకాళ్ళు వంగవని. వంగలేని మనిషి రోజూ రెండుసార్లు వంగి తగిలించడానికి కింద ఇంకో మేకు కొట్టుకుంటాడా?"

"ఎవరో కొట్టుంటారు. మేకు కోసమా నన్ను నూట పద్దెనిమిది మెట్లు దింపారు? సుద్ద పొడి గోళ్ళలో ఉంది మేడం! రాసింది ఆయనే!"

ఇన్‌స్పెక్టరమ్మ మెట్టు మీది సుద్దముక్క తీసి వేలికి, గోటి సందులోకీ బాగా రుద్దింది. ఆ వేలిని నీళ్ళలో ముంచి పదిసార్లు ఆడించింది. తీసి అతని ముఖం ముందు పెట్టింది. గోరు శుభ్రంగా ఉంది.

"ఇది పది లెక్కపెట్టేలోగా పోయింది. ఆయన రాత్రంతా నానాడు. ఆ గోళ్ళలోది సుద్ద కాదు."

"మరేంటి?"

"తెలిస్తే ఈ ఎండలో మీతో ఎందుకు వాదిస్తాను?"

ఇస్త్రీబాబు ముఖం గంటు పెట్టుకున్నాడు. "నాలుగింటికి నేను కోర్టులో ఉంటాను. మేకులు మీరు లెక్కపెట్టుకోండి. రిటైరయ్యేవాళ్ళకి ఏం పోతుంది? నాకు కెరీర్ ఉంది."

"వాడికి అక్క ఉంది," అంది ఇన్‌స్పెక్టరమ్మ. అని, ఎక్కాల్సిన మెట్ల వంక చూసి నిట్టూర్చింది.

* * *

గేజి మాస్టారి క్వార్టరు రెండు గదులు. ముందు గది నిండా పాత రిజిస్టర్లు, కట్టలు కట్టలు. భార్య చాప మీద కూర్చుని ఉంది. పొట్టి మనిషి. లేచి నిలబడితే ఇన్‌స్పెక్టరమ్మకి సరిగ్గా సమానం. గుమ్మం పక్కన ఆవిడ చెప్పులున్నాయి. అడుగున తాడు చుట్టి ఉంది, జారకుండా. తాడు పోగుల్లో పచ్చగా పాచి.

ఒంటిగంటా నలభై.

ఇన్‌స్పెక్టరమ్మ సంచిలోంచి పలక తీసి చాప మీద పెట్టింది. "అమ్మా, కింది మేకు ఎవరు కొట్టారు?"

"ఏం మేకు?" ఆవిడ పలక వంక చూడలేదు.

"సోమవారం సాయంత్రం ఆయన్ని చూశారా?"

"ఆరింటికి రీడింగు తీశారు కదా. ఆ స్పెషల్ బాబుకి చెప్పాను."

"ఆయన మిమ్మల్ని అడిగాడా, ఆయనే చెప్తే మీరు తలూపారా?"

ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. లోపల కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. ఇన్‌స్పెక్టరమ్మకి గద్దించే ఓపిక లేదు, మనసు అంతకన్నా లేదు.

"నేను మిమ్మల్ని బెదిరించనమ్మా. ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతాను. ఆ పడవ అబ్బాయి మూడు రోజులుగా నోరు మెదపలేదు. ఆరింటికి మెట్ల దగ్గర ఎవరిని చూసి అరిచాడో చెబితే వాడు ఈపాటికి ఇంట్లో ఉండేవాడు. చెప్పట్లేదు. గాలిని తిట్టానంటున్నాడు. నాలుగింటికి వాణ్ణి జైలుకి పంపేస్తారు. వాళ్ళక్క చొక్కా పట్టుకుని బెంచీ మీద కూర్చుంది."

ఆవిడ ముఖం ఒక్కసారిగా కుంగిపోయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అది ఆగే ఏడుపు కాదు.

"వాడేనమ్మా," అంది చివరికి. "ఆ మేకు వాడే కొట్టాడు. నాకు పై మేకు అందట్లేదని, అత్తా నువ్వు పడతావు అని వాడే సుత్తి తెచ్చి కొట్టాడు. రోజూ తిట్టేవాడు. దిగొద్దంటే వినవు, ఎముకలు కూడా దొరకవు అని. ఆ రోజు కూడా నన్నే తిట్టాడు."

"గేజి మాస్టారు?"

"ఆయన ఆ మెట్లు దిగి రెండేళ్ళయింది."

ఇన్‌స్పెక్టరమ్మ కళ్ళు మూసుకుంది. కేసు మొత్తం నిలబడ్డ ఆ 'సాయంత్రం ఆరు' కాళ్ళ కింద మెట్టులా జారిపోయింది.

"మోకాళ్ళు పోయాయని తెలిస్తే వేరేవాణ్ణి పెడతారు. ఆయనకి ఆ పని తప్ప ఇంకోటి రాదు. పైమెట్టు మీద కూర్చునేవారు, నేను దిగి చదివి అరిచేదాన్ని, ఆయన రాసుకునేవారు. సోమవారం ఆరింటికి పైన ఆయన లేరు. రీడింగు తప్పకూడదని నేనే తీసి, పలక తగిలించి, ఆయన రాతలో రిజిస్టరులో రాశాను. ఆయన రాత నాకొచ్చు. జ్వరమొచ్చినప్పుడల్లా నేనే రాశాను." ముక్కు తుడుచుకుంది. "ఒక్క రీడింగూ తప్పలేదని రాయి మీద చెక్కారమ్మా. అది అబద్ధం కాదు. ఒక్కటీ తప్పలేదు. దిగింది మాత్రం నేను. చెబితే ఆ రాయి మీది పేరు చెరిపి పారేస్తారని... ఆయన పోయాక అదొక్కటేగా మిగిలింది."

"ఆయన ఎన్నింటికి బయటికెళ్ళారు?"

"ఒకటిన్నరకి. ఇంజనీరుగారు గ్యాలరీకి రమ్మన్నారని. అక్కడికైతే లిఫ్టు ఉంది, వెళ్ళగలరు. గోడల నిండా తెల్లగా సున్నం పేరుకుని ఉంటుంది లోపల. వచ్చినప్పుడల్లా గోళ్ళు నేనే గీకేదాన్ని, ఊరికే నీళ్ళకి పోదు."

అదీ సంగతి. ఆ తెల్లటి పొడి.

"రాత్రి రాకపోతే వెతకలేదా?"

"ఎనిమిదింటికి ఆఫీసుకి ఫోన్ చేశాను. ఇంజనీరుగారే ఎత్తారు. పండగ పుస్తకం అచ్చు పని మీద టౌన్‌కి పంపాను, పొద్దున వస్తాడు అన్నారు."

సోమవారం పొద్దున తర్వాత చూడనేలేదు, మాట్లాడనూ లేదు. గంటన్నర కిందట, మెట్ల తల మీద నిలబడి, ఎంత నెమ్మదిగా చెప్పాడు ఇంజనీరు! ఒకటిన్నరకి పిలిచినవాడికి అయిదున్నరదాకా నాలుగు గంటలు; ఆ నాలుగు గంటలూ పడవవాడు అవతలి ఒడ్డున ఉన్నాడు. మీటింగయ్యాక చీకట్లో పైనుంచి జారవిడిస్తే చాలు. రోజూ రెండుసార్లు దిగే మనిషి కాలుజారి పడ్డాడని అందరూ అనుకుంటారు. పాపం, అతగాడూ రిజిస్టరునే నమ్మాడు.

"ఎందుకు పిలిచాడో తెలుసా?"

ఆవిడ లేచి, రిజిస్టర్ల వెనక నుంచి పొడుగాటి నోటుపుస్తకం తీసింది. డ్యాం చరిత్ర. "ఇది రాయడం మొదలెట్టాకే ఆయనకి నిద్ర పోయింది. చదవండి, దారిలో. ముందు కోర్టుకి పోదాం పదండి. నేను వచ్చి చెబుతాను."

"మీ మీద కేసు పెడతారమ్మా. రిజిస్టరులో దొంగరాత."

"పెట్టనీ. ఆ రాయి మీది పేరు చెరిపేసినా చెరిపేయనీ." ఆవిడ తాడు చుట్టిన చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. "వాడు నన్ను అత్తా అన్నాడమ్మా. నేను మూడు రోజులు తలుపేసుకుని కూర్చున్నాను."

* * *

కోర్టు హాల్లో ఆవిడ అడిగిన ప్రతిదానికీ తారీఖుతో సహా జవాబు చెప్పింది. ఖాళీ కాగితం ఇస్తే భర్త రాతలో 42.15 అని రాసి, పక్కనే తన రాతలో అదే అంకె వేసి చూపించింది. జడ్జిగారు రెండు అంకెల వంకా చూసి, ఇస్త్రీబాబు ఫైలు వంక చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నాలుగూ ఇరవై అయిదుకి పడవవాడు బయటికొచ్చాడు. ఉతికిన చొక్కా వాడికి వదులైంది. వరండాలో గేజి మాస్టారి భార్య కాళ్ళ దగ్గర కూలబడి, "ఎందుకు చెప్పావత్తా, నేను చెప్పలేదు కదా," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వాళ్ళక్క ఇద్దర్నీ కలిపి వాటేసుకుంది.

ఇన్‌స్పెక్టరమ్మ అప్పుడు ఏడవలేదు. ఆ ఏడుపుని నోటుపుస్తకం ఆపేసింది.

డ్యాం ఎలా కట్టారో మొదటినుంచీ రాశాడు గేజి మాస్టారు. నాలుగో ఏడు వరదొచ్చి పని వెనకబడింది. ప్రారంభోత్సవం తారీఖు మాత్రం మారలేదు. ఆ తారీఖు అందుకోవడానికి ఏడో బ్లాకులో ఆరకుండానే కాంక్రీటు మీద కాంక్రీటు పోశారు. ఆనాటి పెద్ద ఇంజనీరు ఒప్పుకోలేదు. తారీఖు ఆపలేకపోయాడుగానీ నింపడం దగ్గర మొండికేశాడు. రోజుకి బెత్తెడు మించి నీళ్ళు పెరగనివ్వలేదు. నిండటానికి మూడేళ్ళు పట్టింది. ఆయన మాట మీద యాభై ఏళ్ళూ అలాగే నడిచింది.

ఆ కింద గేజి మాస్టారి సొంత లెక్కలు. గ్యాలరీలో ఏడో బ్లాకు దగ్గర గోడలోంచి ఊట వస్తుంది. దాని కింద బకెట్ పెట్టి నిండటానికి ఎంతసేపు పడుతుందో కొలిచాడు. పోయినేడు తొంభై సెకన్లు. మూడు నెలల కిందట నలభై. పోయిన ఆదివారం ఇరవై రెండు. పక్కన ఆఫీసు పుస్తకంలోని లెక్క కూడా ఎక్కించాడు. దాంట్లో ఏడాది పొడుగునా తొంభై, తొంభై, తొంభై. కింద ఒకే ఒక వాక్యం: 'నీళ్ళు తగ్గుతుంటే ఊట పెరుగుతోంది. నింపొద్దని సోమవారం ఇంజనీరుగారికి చెప్పాలి.'

చెప్పాడు.

ఆరింటికి అయిదు నిమిషాలుంది. ఇన్‌స్పెక్టరమ్మ పైమెట్టు మీద కూర్చుంది, గేజి మాస్టారు కూర్చునే చోట, ఒళ్ళో రిజిస్టరు పెట్టుకుని. మూడు రోజుల గళ్ళు ఖాళీగా ఉన్నాయి. యాభై ఏళ్ళలో మొదటి ఖాళీలు. గేజి మాస్టారి భార్య పలక పట్టుకుని దిగుతోంది. పక్కనే పడవవాడు, చేయి పట్టుకుని, తిడుతూనే.

వెనక నుంచి పరుగులు. ఇస్త్రీబాబు. చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయి ముడతలు పడింది. మొదటిసారి మనిషిలా కనిపించాడు.

"మేడం, ఇంజనీరు లేడు. మూడున్నరకే జీపు తీసుకుని వెళ్ళిపోయాడట. గ్యాలరీ తాళాలూ, గేట్ల తాళాలూ అతని దగ్గరే. పైడ్యాంకి ఫోన్ చేశాను. ఆపాలంటే అతని సంతకం కావాలంటున్నారు." చేత్తో నుదుటి చెమట తుడుచుకున్నాడు. "నాదే తప్పు మేడం. ఏం చేద్దాం?"

"గ్యాలరీ తలుపు పగలగొట్టించండి. గేట్ల తాళాలు కోయించి నీళ్ళు వదిలించండి. కింద ఊళ్ళన్నిటికీ మైకులు పంపండి. సంతకం నేను పెడతాను. నలభై రోజుల్లో వెళ్ళిపోయేదాన్ని, నన్నేం పీకుతారు?"

అతను పరుగెత్తాడు.

కింది నుంచి ఆవిడ గొంతు వచ్చింది, రెండేళ్ళుగా అలవాటైన కేక.

"నలభై రెండూ... యాభై మూడు!"

ఇన్‌స్పెక్టరమ్మ కలం ఆగింది. ముప్ఫై ఎనిమిది సెంటీమీటర్లు. ఒక్క మధ్యాహ్నంలో. ఆనాటి పెద్ద ఇంజనీరు అయిదు రోజులకి కూడా ఒప్పుకోనంత. మధ్యాహ్నం తాను నిలబడ్డ నూట పద్దెనిమిదో మెట్టు కనిపించడం లేదు. దాని పై మెట్టు కూడా.

ఆవిడ పైకొచ్చేసరికి ఇన్‌స్పెక్టరమ్మ రిజిస్టరు అందించింది. "అంకె వేసి, సంతకం పెట్టండమ్మా. మీ పేరుతో."

ఆవిడ కలం అందుకుని ఆ గడిలో అంకె వేసింది. పక్కన తన పేరు రాసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి.

"ఆదివారం ఇరవై రెండు సెకన్లు," అంది ఇన్‌స్పెక్టరమ్మ నెమ్మదిగా. "ఈ లెక్కన నిండితే బకెట్ ఎంతలో నిండుతుందమ్మా?"

ఆవిడ రిజిస్టరు మూసి గుండెకి హత్తుకుంది. డ్యాం కింద దూరంగా దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. పడవవాడి ఇల్లు కూడా అక్కడే.

"నిండేదాకా రానిస్తే," అంది, "ఇక బకెట్ పెట్టడానికి గోడే ఉండదమ్మా."